తేదీ లేని దరఖాస్తు

బసంత్‌నగర్‌లో మా పక్కింటి చిన్నమ్మ నేను ఇంటికెళ్తే చాలు, ఏదో ఒక కాయితం పట్టుకుని వస్తుంది. కరెంటు బిల్లో, పింఛను పాసుబుక్కో. మొన్న దీపావళికి మాత్రం ఖాళీ చేతుల్తో వచ్చింది.

"ఓ దరఖాస్తు రాయాలె బిడ్డా," అంది. ఎవరి మీదని అడిగితే కాసేపు చెప్పలేదు.

కొడుకు మీద.

చిన్నాయన బాయిలో పనిచేస్తూ మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆ నౌకరీ కొడుక్కి వచ్చింది. మా బొగ్గు ఊళ్ళలో ఇది అందరికీ తెలిసిన లెక్కే. తండ్రి ఒంట్లో సత్తువ అయిపోయిన చోట కొడుకు జీతం మొదలవుతుంది. చిన్నాయన పోయాక కొడుకు గోదావరిఖనిలో కాపురం పెట్టాడు. మొదట్లో నెలనెలా పైసలిచ్చేవాడు, తర్వాత పండక్కి. ఇప్పుడు ఫోన్ కూడా లేదు. చిన్నమ్మకి మిగిలింది 2,016 రూపాయల ఆసరా పింఛను.

"జీతంలకెల్లి కోస్తరట గదా, టీవీల చెప్పిన్రు."

అది 2025 అక్టోబరులో ముఖ్యమంత్రి చేసిన ప్రకటన. తల్లిదండ్రుల్ని చూడని ప్రభుత్వోద్యోగుల జీతంలో 10-15 శాతం కోసి వాళ్ళకే ఇస్తామన్నారు. అస్సాం 2017లోనే అలాంటి చట్టం చేసింది. కానీ చిన్నమ్మకి పనికొచ్చేది అంతకన్నా ముందే ఉంది: 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. ఆర్డీవోకి అర్జీ పెట్టుకుంటే చాలు, లాయరు అక్కర్లేదు. నెలకు 10,000 మించకుండా ఇప్పిస్తారు. చదివి చెప్తుంటే నాకే హుషారొచ్చింది.

"ఇయ్యకపోతే?"

"నెల దాకా జైల్లో పెట్టొచ్చు."

చిన్నమ్మ మొహం మారింది. "నౌకరీ పోతదా? అది మీ చిన్నాయన నౌకరీ బిడ్డా."

అప్పటిదాకా నేను దాన్ని కొడుకు నౌకరీ అనే అనుకున్నాను. పింఛనంటే సర్కారు ఇస్తుంది, తీసుకుంటే సరిపోతుంది. ఈ పైసలు కావాలంటే మాత్రం తల్లే గడప దిగి, కొడుకుని ప్రతివాది అని పిలవాలి. ట్రిబ్యునల్ తనంతట తానే విచారణ చేపట్టొచ్చని చట్టంలో ఉంది. ఉన్నా, ఆమె నోరు విప్పకుండా ఈ సంగతి ఆర్డీవో దాకా ఎలా పోతుంది?

వంటింట్లోంచి అమ్మ అంతా వింటోంది. నేను ఒకటో తారీఖునే ఫోన్‌పేలో డబ్బులు పంపే కొడుకుని. ఏ చట్టానికీ దొరకను. ఇంటికొచ్చింది మాత్రం ఏడు నెలల తర్వాత.

దరఖాస్తు రాసిచ్చాను. చిన్నమ్మ మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం చేసింది. కింద తేదీ వేయబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"తేదీ ఏయకు బిడ్డా. సంక్రాంతికి వస్తడేమో సూద్దాం."