మహానవమి గుమ్మడికాయ

బెంగుళూరులో మహానవమి సంబరం చూడాలంటే ముందునాడు తెల్లవారుజామునే కృష్ణరాజేంద్ర మార్కెట్టుకు వెళ్ళాలి. 1928లో వెలసిన ఈ మార్కెట్టును పెద్దలు ఇప్పటికీ సిటీ మార్కెట్టనే అంటారు. ఒకవైపు పాత కోట, మరొకవైపు కలాసిపాళ్యం. రోడ్డుకు ఇరుప్రక్కలా అరటి పిలకలు, మామిడి మండలు, చామంతి బుట్టలు. వీటన్నిటి మధ్య గుట్టలు గుట్టలుగా బూడిద గుమ్మడికాయలు. కాయ మీద చెయ్యి వేస్తే విభూతి రాసుకున్నట్లు తెల్లని పొడి అంటుకుంటుంది. కన్నడిగులు దీన్ని బూదుగుంబళ అంటారు, తమిళులు పూశణిక్కాయ్ అంటారు. అమ్మేవారు మాత్రం మూడు భాషల్లోనూ బేరమాడతారు. నేను కన్నడంలో మొదలుపెడితే, హోసూరు నుంచి వచ్చిన ఒకాయన నా యాస పట్టేసి, "మీరూ మనవాళ్ళేనా సామీ!" అని నవ్వాడు. మా తాతగారి కాలంలో ఈ ఊరు చేరిన కుటుంబం మాది. అయినా యాస దాగలేదు!

కాయ కొన్నాక అమ్మేవాడే తొడిమ ప్రక్కన కత్తి దించి, చదరంగా ఒక బిళ్ళ కోసి తీస్తాడు. కొంచెం గుజ్జు తీసి, కుంకుమ, చిల్లర నాణాలు వేసి, మళ్ళీ ఆ బిళ్ళతోనే మూస్తారు. ఆయుధ పూజ కాగానే పైన కర్పూరం వెలిగించి, మూడుసార్లు దిగదుడిచి, వాకిట్లో పగలగొడతారు. ఆటో స్టాండుల్లో, కార్ఖానాల్లో, ఆఫీసుల్లో అంతటా ఇదే వేడుక. మా ఆఫీసులో గుమాస్తాలమందరం కలసి కంప్యూటర్లకూ, ఫైళ్ళ బీరువాలకూ గంధం బొట్లు పెడతాం. సాయంకాలానికి ఏ వీధి చూచినా ఎర్రని గుజ్జే, అడుగు వేస్తే జారుడే.

2023 మహానవమి నాడు నా స్కూటరుకు పూజ చేసి, మా ఇంటి ముందు రోడ్డు నడిమధ్యన నేనే కాయ కొట్టాను. రాత్రి తొమ్మిది దాటాక దబ్బున చప్పుడైంది. పరుగెత్తి చూస్తే, హోటలు భోజనాలు ఇంటింటికీ అందించే కుర్రవాడు మోటారు సైకిలుతో సహా పడి ఉన్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. మణికట్టు ఎముక విరిగిందన్నారు. వాడి ఊరు మదనపల్లె దగ్గరట. "తప్పు నాదేనన్నా, చీకట్లో చూసుకోలేదు" అని వాడే నాతో అన్నాడు. కట్టుకైన డబ్బు నేనిస్తే దణ్ణం పెట్టాడు. ఆ కాయ నాదని మాత్రం నేను చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మన దిష్టి పోవాలిగాని, అది దారిన పోయేవాడికి తగిలితే ఎట్లారా?" అన్నది.

2024 నుంచి మా ఇంట పద్ధతి మారింది. పెరటి మూల పాత గోనెపట్టా పరచి, దాని మీదనే కొడుతున్నాము. అంగడి రంగు కుంకుమకు బదులు పసుపులో సున్నం కలిపిన నీళ్ళు పోస్తాము. ఎరుపుకు లోటు లేదు. నాణాలు వేయడం మానేశాము. ఆ చిల్లర కోసం పిల్లలు బండ్ల మధ్యకు దూకడం చూచినవారికి కారణం చెప్పనక్కరలేదు.

ముక్కలను గుంతలో వేయడంలో మొదట పొరబడ్డాము. బూడిద గుమ్మడిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. ఉత్త ముక్కలే పోస్తే మూడోనాటికి దుర్వాసన, ఈగలు, ప్రక్కింటివారి ఫిర్యాదు! తరువాత బుట్టెడు ముక్కలకు రెండు మూడు బుట్టల ఎండుటాకులు కలిపి, పైన మట్టి చల్లి, వారానికొకసారి తిరగవేశాము. మూడు నెలలు తిరిగేసరికి నల్లని ఎరువైంది. అరటి పిలకలు సన్నగా నరికి, పూలమాలలు దారం తీసి, అందులోనే వేయవచ్చు. పెరడు లేనివారు ప్లాస్టిక్ సంచులు కలపకుండా తడి చెత్తలో ఇస్తే చాలు. రంగు కుంకుమ పడిన ముక్కలు మాత్రం ఆవులకు పెట్టకండి.

పండుగ వెళ్ళాక అదే మార్కెట్టుకు వెళ్ళి చూచాను. అమ్ముడుపోని కాయలు, వాడిన అరటి పిలకలు కుప్పలుగా కుళ్ళుతున్నాయి. ఇంటికొక కాయ చాలదా? బండికొకటి ఎందుకు? దిగదుడవని కాయ మిగిలితే నెలల తరబడి నిలవ ఉంటుంది. మా అమ్మ దానితో వడియాలు పెడుతుంది.

2025లో మా వీధిలో మరి నాలుగిళ్ళవారు గోనెపట్టా మీదనే కొట్టారు. ఎవరి బండికీ ఏ దిష్టీ తగలలేదు. ఆ మదనపల్లె కుర్రవాడు మాత్రం మళ్ళీ కనబడలేదు. చేయి నయమై, ఎక్కడో బండి నడుపుకుంటూ ఉంటాడని అనుకుంటున్నాను. ఆ రాత్రి నోట రాని మాట ఇక్కడ వ్రాసుకుంటున్నాను: నాయనా, తప్పు నీది కాదు. ఆ కాయ నాది.