వంక లెక్క

పెన్న, చిత్రావతి, పండమేరు. మా అనంతపురం వారికి ఇవి నదులని చెప్పుకొనే ఇసుక దారులు. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. కొన్నేళ్ళు అదీ దక్కదు. ఏటి నడుమ బండ్లు నడుస్తాయి, చలమలు తీస్తారు, గొర్రెలను తోలుకుపోతారు. ఇట్టి చోట వరద ఎంత వస్తుందో చెప్పమనడం, నోరు విప్పని వాని గొంతు ఎంత పెద్దదో చెప్పమనడం వంటిది.

తెలుగు పంతులుకు ఈ గొడవ ఎందుకంటే, మా అబ్బాయి ఊరి వెలుపల స్థలం కొనాలనుకొన్నాడు. చదును చేసి, రాళ్ళు పాతి, రంగులు వేసిన లేఅవుటు. ఆ చదును కింద ఒక వంక ఉన్నదని నేనెరుగుదును. "అందులో నీళ్ళు ఎప్పుడు పారినాయి నాయనా?" అన్నాడు వాడు. న్యాయమైన ప్రశ్నే. ఇరవై ఏళ్ళలో రెండు మూడు మార్లు పారి ఉంటుంది.

నీటిపారుదల శాఖలో పనిచేసిన నా శిష్యుని అడిగాను. 1884లో రైవ్స్ అనే దొర మద్రాసు రాజధాని కోసం కట్టిన సూత్రం ఒకటి ఉన్నదట. వంకకు నీరు చేర్చే నేల ఎన్ని చదరపు కిలోమీటర్లో చూసి, ఆ సంఖ్య ఘనమూలాన్ని వర్గం చేసి, ఒక గుణకంతో హెచ్చవేయాలి. వచ్చేది సెకనుకు ఘనపు మీటర్లు. మా వంక పరీవాహకం సుమారు 27 చదరపు కిలోమీటర్లు. ఘనమూలం 3, వర్గం 9, గుణకం 8.5 అనుకొంటే 76 పైచిలుకు. నేల ఎనిమిది రెట్లయితే వరద నాలుగు రెట్లే అవుతుంది. అంత నేల మీదా వాన ఒకే పాటున కురవదు గదా! గణాలు లెక్కపెట్టిన చేతికి ఇది ముచ్చటగానే తోచింది.

కిటుకంతా గుణకం దగ్గర. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపల 6.8, అక్కడినుండి 160 వరకు 8.5, కొండల చేరువన 10.2 అంటారు. అనంతపురం ఆ లెక్కకు కూడా దూరమే. కొలత లేని వంకకు సాక్ష్యం వేరు: వరద తీసిన మర్నాడు కంపచెట్లకు చిక్కిన చెత్త, గట్టు మీది బురద గీత. ఆ ఎత్తు, వంక వాలు, వెడల్పు కొలిచి, రాళ్ళూ కంపా ఎంత అడ్డమో చూసి, పోయిన నీటిని వెనక్కి లెక్కగడతారు. ఇందులోనూ మోసముంది. ఉరవడిలో నీరు ఇసుకను తోడి అడుగును లోతు చేస్తుంది, తగ్గుతూ మళ్ళీ పూడుస్తుంది. మనం కొలిచే అడుగు నీరు నడిచిన అడుగు కాదు.

పూర్వులు సూత్రం వ్రాసిపెట్టలేదు గాని, చెరువు మరవ పొడవే వారి అంచనా. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) చెరువుకు ఆరు దోషాలు చెప్పింది. నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం ఒకటి, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం మరొకటి. ఆ రెండవదాని వెల ఏమిటో మా బుక్కరాయసముద్రం కథ చెబుతుంది. చెరువుకట్ట తెగబోతుంటే ముసలమ్మ అనే కోడలు ప్రాణమిచ్చి ఊరిని కాచిందట. కట్టమంచి వారి 'ముసలమ్మ మరణము' ఏళ్ళ తరబడి కరుణరసం కోసం పాఠం చెప్పాను. ఇప్పుడు చదివితే, మరవ చాలలేదా అన్న సందేహమే ముందు కలుగుతున్నది.

ఇది పాత కాలపు ముచ్చట కాదు. 2021 నవంబరులో చిత్రావతి నడుమ చిక్కుకొన్న పదిమందిని హెలికాప్టరుతో తీయవలసి వచ్చింది. మరుసటి ఏడు అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి.

లేఅవుటు రోడ్డు కింద వంక కోసం రెండు సిమెంటు గొట్టాలు వేశారు, మీటరు వెడల్పువి. నీరు సెకనుకు మూడు మీటర్ల వేగంతో దూకినా, రెండింటి గుండా 5 ఘనపు మీటర్లు పోవు. తక్కిన డెబ్బై ఎటు పోవాలి? (మిత్రులలో ఇంజనీర్లు ఉన్నారు, ఈ లెక్కను సరిచూడగలరు.) కాగితం మీద వేసి అబ్బాయికి చూపాను. వాడు చాలాసేపు చూసి, "బయానా ఇంకా ఇయ్యలేదులే" అన్నాడు.

మొన్న అటు పోతే ఆ స్థలంలో ఎవరిదో పునాది తీస్తున్నారు. ఇక్కడ వంక ఉండేదని మేస్త్రీతో అన్నాను.

"తెలుసు సార్," అన్నాడు. "గుంతలో ఇసుక బాగా పడింది. బయట కొనే పని లేకపాయె."