మాట్లాడని పెట్టె

మా చిన్నవాడు బెంగళూరు ఉద్యోగానికి వెళ్తూ వెళ్తూ ఇంట్లో ఒక కంప్యూటరు పెట్టి వెళ్లాడు. కొన్నది కాదండోయ్, కట్టింది! విశాఖపట్నం నుంచి మదర్‌బోర్డు, ప్రాసెసరు, క్యాబినెట్ విడివిడిగా తెచ్చి, నడవలో చాప పరుచుకుని రెండు రాత్రులు కూర్చుని బిగించాడు. బస్సుకు వేళవుతూండగా తెర వెలిగింది. "అంతా బాగానే ఉంది నాన్నా" అని సంచీ భుజాన వేసుకున్నాడు. బొమ్మ వచ్చింది సరే, మాట వస్తుందో రాదో చూసే తీరిక వాడికి లేదు, చూడాలన్న తెలివి నాకు లేదు.

1987లో మా తమ్ముడు మస్కట్‌లో పనిచేసేవాడు. ఆ రోజుల్లో మా ఎచ్చెర్ల ప్రాంతం నుంచి గల్ఫు వెళ్లినవాళ్లకి కాసెట్టు ఉత్తరాలు వెళ్లేవి. 1963లో ఫిలిప్స్ వారు తెచ్చిన ఆ అరచేతి కాసెట్టు, చదువు రాని తల్లిదండ్రుల పాలిట వరమైంది. టేప్‌రికార్డరు ముందు కూర్చుని ఊళ్లో ఊసులన్నీ చెప్పి, వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. నాన్నగారు అలా నింపిన కాసెట్టొకటి తమ్ముడు దాచి తెచ్చాడు. నాన్నగారు పోయి 30 ఏళ్లు దాటింది. ఆయన గొంతు మరెక్కడా లేదు. శ్రీకాకుళంలో ఒక దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవులోకి ఎక్కించమన్నాను. "ఎక్కింది గానీ, తీసేటప్పుడు రీలు తెగిపోయిందండీ" అంటూ తిరిగి చేతిలో పెట్టారు.

ఆదివారం సాయంత్రం అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పెన్‌డ్రైవు గుచ్చాను. అమ్మకి చూపు బొత్తిగా ఆనదు. చెవులు మాత్రం పాము చెవులే. తెరమీద గీత జరుగుతోంది, నిమిషాలు లెక్కపడుతున్నాయి. మాట లేదు. హైవే మీద లారీల మోత తప్ప మరేమీ వినబడదు.

నా గుండె జారిపోయింది. పెట్టె మూగదా, లేక పెన్‌డ్రైవులో ఉన్నది వట్టి గీతేనా? సినిమా పాట ఒకటి పెట్టి చూశాను. అదీ పలకలేదు. కాస్త ప్రాణం కుదుటపడింది. అయినా పెట్టె నోరు తెరిచేదాకా నాన్నగారు ఉన్నదీ లేనిదీ తేలదు కదా! అబ్బాయికి ఫోను చేస్తే ఎత్తలేదు.

"మీ నాన్న రేడియో పలక్కపోతే వయిరు కొసన వేలెట్టి సూసీవోరు. గుర్రుమంటే పెట్టి బాగున్నట్టే" అంది అమ్మ.

స్పీకర్ల ప్లగ్గు ఊడదీసి కొసన వేలు పెట్టాను. గుర్రుమంది! స్పీకర్లు మంచివే. లోపం కంప్యూటరు వైపే ఉంది.

సెట్టింగుల్లో వెతికాను. శబ్దం ఎటు పోవాలో ఎంచేచోట మానిటరు పేరుంది. తెరకు వెళ్లే హెచ్‌డీఎంఐ తీగ బొమ్మతోపాటు శబ్దాన్నీ మోసుకుపోతుంది. మా మానిటరులో స్పీకర్లు లేవు. మూగవాడికి కబురు అప్పజెప్పినట్టయింది. స్పీకర్ల పేరు ఎంచాను. ఊహూఁ. ఇది కాదు కాబోలని మళ్లీ మానిటరుకే మార్చేశాను. ఆ రాత్రి నేను చేసిన తెలివితక్కువ పనల్లా అదే. తరవాత వాల్యూమ్ చూశాను, డ్రైవరు మళ్లీ ఎక్కించాను, రెండుసార్లు ఆపి వేశాను. అమ్మని భోజనానికి లెమ్మంటే, "ఆయన మాటాడాక తింటాను" అంది.

తొమ్మిదింటికి అబ్బాయి దొరికాడు.

"ప్లగ్గు ముందున్న బెజ్జంలో పెట్టావా?"

"చేతికి అందేది అదే కదరా."

కాసేపు వాడూ మూగవాడయ్యాడు. "ఆ బెజ్జం తీగ లోపల బోర్డుకి తగిలించడం మరిచిపోయినట్టున్నాను నాన్నా."

కరెంటు తీసి పక్క రేకు విప్పాను. నల్లటి సన్న తీగ వేలాడుతోంది. బోర్డు అంచున దాని కోసం తొమ్మిది పిన్నులు, పదోదాని చోటు ఖాళీ. తీగ తిరగేసి తొడక్కుండా ఆ ఏర్పాటు. ఆ పక్కనే యూఎస్‌బీకీ తొమ్మిది పిన్నులే, ఖాళీ మాత్రం వేరే చోట! నా కళ్లజోడుకు అంత నమ్మకం చాలలేదు. రేకు బిగించి, ప్లగ్గు వెనకవైపు ఆకుపచ్చ బెజ్జంలో పెట్టి, పెట్టె వేశాను.

అయినా పలకలేదు!

అప్పుడు తట్టింది. తప్పులు రెండు. మొదటిది దిద్దినప్పుడు రెండోది నోరు నొక్కింది. రెండోది దిద్దేవేళకి మొదటిదాన్ని నా చేతులారా మళ్లీ పాడుచేసి ఉన్నాను. స్పీకర్ల పేరు ఎంచాను.

బుస్సుమని చప్పుడు. ఆపైన దగ్గు. "ఒరే చిన్నోడా, మేవందరం బాగున్నాం..."

నాన్నగారే. అమ్మ కుర్చీ చేతులు పట్టుకుంది. వానలు పడ్డాయన్నారు, ఆవు ఈనిందన్నారు. అప్పు తీరిపోయింది, ఇంక డబ్బు పంపక కడుపునిండా తినమన్నారు. "మీ అమ్మ ఈడే ఉంది. ఏటే, మాటాడు. మాటాడవేటి?"

అంతే. ఆగిపోయింది. పది సెకన్లు, ఇరవై. నేను గబాలున లేచి పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చాను.

"ఒగ్గేయ్‌రా, ముట్టకు. అది నానే. సిగ్గేసి మాటాడలేదు" అంది అమ్మ.