తలమీద వ్రేలాడిన గుడ్డ

మా కారును గూర్చి ఈ పత్రికలో వ్రాయవలసి వస్తుందని మేము ఎన్నడును తలంచలేదు. అయితే పోయిన వేసవిలో ఇద్దరు ముగ్గురు సహోదరులు తమ పాత కార్లలో కూడ అదే అవస్థ వచ్చినదని, ఏమి చేయవలెనని మమ్మును అడిగారు. ఒక్కొక్కరికి చెప్పుటకంటె ఒక్కసారే వ్రాయుట మేలని తోచింది. మా యింటి ఆమె మాత్రము, "రాయండి గాని దాన్ని ప్రసంగం చేయకండి" అని ముందుగానే మాట తీసుకున్నది.

మాది 2006లో తయారైన చిన్న కారు. 2017లో బందరులో ఒక పెద్దమనిషి వద్ద కొన్నాము. ఇంజను మంచిది, టైర్లు మంచివి. దివిసీమ పల్లెలలో ఆదివారము మూడు ఊళ్లు తిరగవలసిన వారికి వానకాలములో మోటారు సైకిలు కంటె అది ఎంతో మేలు. కాని దానికి మేము నీడ కల్పించలేకపోయాము. గడ్డివాము ప్రక్కన ఎండలోనే నిలిపేవారము. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు అద్దాలు మూసిన కారు లోపల వేడి 60 దాటుతుంది. దానికి తోడు సముద్రము దగ్గర గనుక గాలిలో ఎప్పుడూ చెమ్మ.

2021 వేసవిలో వెనుక సీటు పైన, కప్పు లోపలి గుడ్డ పూరీ పొంగినట్లు పొంగింది. వాననీరు దిగిందేమోనని తడిమి చూశాము, తడి లేదు. గట్టిగా నొక్కితే అంచుల నుండి పసుపు కలిసిన ఎర్రటి పొడి రాలి సీటు మీద పడింది. చెదలేమోనని ఇంట్లో భయపడ్డారు. మేము దానిని పెద్ద సంగతిగా ఎంచలేదు. గుండుసూదులు తెచ్చి వరుసగా గ్రుచ్చాము. పిల్లలు వాటిని చూసి నక్షత్రాలన్నారు. గతుకుల రోడ్డులో రోజుకు ఒకటో రెండో నక్షత్రాలు రాలేవి. అవి ఎవరెవరికి గ్రుచ్చుకొన్నవో వ్రాయుట మర్యాద కాదు.

ఆ ఆగస్టులో ఒక వాన రాత్రి, మా ఊరి అమ్మాయికి నొప్పులు మొదలైనవి. దగ్గరలో ఉన్న బండి మాదే గనుక ఆమెను, ఆమె తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని బందరుకు బయలుదేరాము. చల్లపల్లి దాటాక ఆ బిడ్డ ఊపిరాడుట లేదన్నది. వాళ్లమ్మ అద్దము కొంచెము దించింది. గాలి లోపలికి దూరి ఆ ఉబ్బిన గుడ్డలో నిండి, సూదులన్నిటిని ఒక్కసారిగా ఊడగొట్టింది. గుడ్డంతా వారి తలల మీద పడింది. అప్పుడే మేము ఒక ఇసుక ట్రాక్టరును దాటుచున్నాము. అద్దములో చూస్తే గుడ్డ తప్ప ఏమీ కనబడలేదు. వెనుక నుండి బస్సు మమ్మును దాటుటకు వచ్చినదన్న సంగతి, హారను చెవి ప్రక్కన మ్రోగేంతవరకు మాకు తెలియదు. ఎడమకు కోసి, ట్రాక్టరు తొట్టికి జానెడు దూరములో బ్రేకు వేశాము. ఇది వ్రాయుచున్నప్పుడు కూడ చేతులు చల్లబడుచున్నవి. అక్కడ నుండి బందరు వరకు ఆ తల్లి తన రెండు చేతులతో గుడ్డను పైకి ఎత్తిపట్టుకొనియే కూర్చున్నది. తెల్లవారక ముందే మగబిడ్డ పుట్టాడు. దేవుడు కాపాడెనని అందరూ సంతోషించారు. మేమును సంతోషించాము, కాని పది రూపాయల గుండుసూదుల మీద ముగ్గురి ప్రాణాలు, పుట్టబోవు వానితో నలుగురివి, వ్రేలాడదీసినది మేమేనన్న మాట మనస్సులో నుండి పోలేదు.

మరుసటి వారమే ఒక పట్టణములో సీటు కవర్లు కుట్టే దుకాణమునకు తీసుకొనిపోయాము. ఆ అబ్బాయి గంటలో పని ముగించాడు. సిరంజిలోనికి జిగురు ఎక్కించి గుడ్డ వెనుకకు పంపి, చేతితో అదిమి, తొమ్మిది వందలు తీసుకున్నాడు. మూడు నెలలు నిలువలేదు. పైగా జిగురు స్పాంజిలో నుండి ఊరి గుడ్డ మీద మచ్చలు పడినవి. రెండవసారి వెళితే, పాత గుడ్డ అలాగే ఉంచి దానిమీద పలుచని రెగ్జిను అంటిస్తానన్నాడు. ఎందుకో మనస్సు ఒప్పలేదు.

చివరకు విజయవాడ ఆటోనగరులో ఒక ముసలి సాయిబుగారు దొరికారు. నలువది ఏండ్లుగా కుషను పని చేసే మనిషి. ఆయన కారు లోపల తల పెట్టి, వ్రేలితో గీరి, ఆ పొడిని మా అరచేతిలో పోసి, "పిండి మీద జిగురు నిలుస్తుందా అయ్యగారూ?" అన్నారు. మేము తొమ్మిది వందలు ఇచ్చి తెలుసుకొనలేకపోయినది ఆ ఒక్క మాటతో తెలిసింది.

సంగతి ఏమనగా, ఈ గుడ్డ నేరుగా కారు కప్పుకు అంటించినది కాదు. కప్పు క్రింద ఒక గట్టి అట్ట ఉంటుంది. దాని మీద సుమారు మూడు మిల్లీమీటర్ల పలుచని స్పాంజి, స్పాంజికి అంటుకొని గుడ్డ. ఏండ్ల తరబడి వేడి, చెమ్మ తగిలితే మధ్యనున్న స్పాంజి చివికి పొడి అవుతుంది. జిగురు ఊడలేదు, గుడ్డ చిరగలేదు. నడుమ పట్టుకొనియున్నదే లేకుండ పోయింది. అందుచేత క్రొత్త జిగురు ఎంత మంచిదైనా అది పొడిని పట్టుకుంటుంది, పొడి దేనినీ పట్టుకొనదు. మా చిన్నతనపు అంబాసిడర్లలో ఈ బాధ లేదని సాయిబుగారు చెప్పారు. వాటిలో గుడ్డకు సంచులు కుట్టి, ఇనుప కడ్డీలు దూర్చి, డేరా వలె వ్రేలాడదీసేవారట. అక్కడ స్పాంజి లేదు, చివుకుటయు లేదు.

పని రెండు రోజులు పట్టింది. కూలి తగ్గుతుందని మేమును చేయి వేశాము. ఎండ మరలు, చేతిపట్టులు, లోపలి దీపము, ప్రక్క స్తంభాల ప్లాస్టిక్కులు, తలుపుల రబ్బరు, అన్నీ ఊడదీయవలెను. పాత క్లిప్పులు తొందరపడితే విరుగుతాయి. మేము రెండు విరిచాము. ముందు సీట్లు వెనుకకు వాల్చి, అట్టను వెనుక తలుపు గుండా ఇద్దరు పట్టుకొని తీశాము. అది మడత పడితే మరల సరికాదు.

ఆ తరువాత గోకుట. గుడ్డ లాగగానే ఊడింది గాని, స్పాంజి పొడి అట్టకు జిడ్డుగా అంటుకొనియున్నది. ముక్కుకు తువ్వాలు కట్టుకొని నైలాను బ్రష్షుతో ఒక పూటంతా రుద్దాము. చాలునని రెండుసార్లు లేచాము. సాయిబుగారు వచ్చి అరచేయి అట్ట మీద రాచి, చూపి, మరల కూర్చుండబెట్టారు. చేతికి ఏమీ అంటని వరకు ఒప్పుకొనలేదు. (ఇక్కడ ప్రసంగమునకు చోటున్నది. మాట ఇచ్చాము గనుక వదలుచున్నాము.)

క్రొత్త గుడ్డ స్పాంజితోనే కలిపి వస్తుంది. మా కారుకు రెండు మీటర్లు పట్టింది. జిగురు వేడికి ఆగే రబ్బరు సొల్యూషను. దానిని అట్టకును స్పాంజికిని రెంటికీ పలుచగా పూసి, వ్రేలికి అంటనంతవరకు ఆరనివ్వవలెను. తడిగా ఉండగా వేస్తే మచ్చలు పడతాయి. గుడ్డను సగము మడిచి, నడిమి నుండి అంచులకు అరచేతితో అదుముతూ పోవలెను. గుంటలున్నచోట లోపలికి నొక్కవలెనే గాని పైనుండి బిగువుగా లాగరాదు. లాగినది నెలలోనే ఊడుతుంది. ఆ జిగురు వాసనకు తల తిరుగుతుంది, నిప్పు కూడ అంటుకుంటుంది గనుక ఆరుబయటనే పని చేశాము, బీడీ కాల్చువారిని దూరముగా ఉంచాము. ఒక రాత్రి ఆరిన తరువాత దీపమునకు, చేతిపట్టులకు రంధ్రాలు కోసి బిగించాము. మొత్తము మూడు వేల ఆరు వందలు అయినది.

క్రొత్త కార్లు గల సహోదరులకు ఒక మాట. కొన్నిటిలో తలుపుల పైన, కప్పు అంచు వెంబడి ఎయిర్‌బ్యాగులు మడిచి ఉంచుతారు. అట్టివి మనము విప్పరాదు. కంపెనీ పని తెలిసినవారే విప్పవలెను. ఆ అంచున సూదులు గాని, జిగురు గాని, పైన మరియొక గుడ్డ గాని వేస్తే, ప్రమాదము వచ్చినప్పుడు అది తెరచుకొనుటకు అడ్డు పడవచ్చును. తక్కిన కార్లకు దుకాణములో ఒక్కటే అడగండి: అట్ట బయటకు తీస్తారా, తీయరా? తీయమన్నవారికి డబ్బు ఇవ్వకండి. మేము ఇచ్చి చూశాము.

మా కారు కప్పు ఇప్పటికి కదలలేదు. గడ్డివాము ప్రక్కన తాటాకు పందిరి కూడ వేశాము. ఆ బిడ్డ ఇప్పుడు అంగనవాడి దాటి బడికి పోవుచున్నాడు. మా కారెక్కితే వాని అమ్మమ్మ ఇంకను చేయి పైకెత్తి గుడ్డను ఒకసారి నొక్కి చూసుకొని గాని కూర్చుండదు. మేము ఏమీ అనము.

నిరుడు నుండి డ్రైవరు తలుపు మీది గుడ్డ అంచున లేచుచున్నది. వెనుక అదే పొడి. మిగిలిన అర మీటరు గుడ్డ మంచము క్రింద చుట్టి ఉంచాము. వానల చెమ్మలో సొల్యూషను సరిగా పట్టదని సాయిబుగారు చెప్పారు గనుక సంక్రాంతి వరకు ఆగుచున్నాము. సూది మాత్రము గ్రుచ్చలేదు.