పెండ్లికుమార్తె ముఖము మీది వెలుగు

పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసుకొని బ్రతికే మాబోటి దంపతులు ఈ పత్రికకు రాయటమేమిటని కొందరికి అనిపించవచ్చు. మేము ప్రసంగము చేయబోవటం లేదు. మన సంఘాలలో పెళ్ళి కుదిరిన ఇంట మాకు తరచుగా వినిపించే ఒక మాట గురించి చెప్పదలచుకున్నాము. “అక్కా, మా పిల్ల చామనచాయ. కాస్త తెల్లగా వచ్చేటట్లు తియ్యండి.”

ఈ మాట అమ్మాయి తల్లే అంటుంది. చాలాసార్లు అమ్మాయి పక్కన ఉండగానే అంటుంది. తల్లికి చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. లోకం ఎలా చూస్తుందో ఆమెకు తెలుసు, అంతే.

మన వివాహాలలో వెలుగుకు సంబంధించిన చిక్కు ఒకటి ఉన్నది. పెండ్లికుమార్తెకు తెల్ల పట్టుచీర, తలమీద తెల్లని ముసుగు, చేతిలో తెల్లపూల గుత్తి. పక్కన నల్లకోటు తొడుక్కున్న పెండ్లికుమారుడు. కెమెరా లోపల వెలుగును కొలిచే సాధనం ఎదుట ఏది పెట్టినా దానిని మధ్యరకం బూడిదరంగుగానే లెక్క వేసుకుంటుంది. చీర తెలుపు ఎక్కువ కనబడగానే వెలుగు మించిపోయిందనుకొని తగ్గించివేస్తుంది. దానితో చీర మాసినట్లవుతుంది, ముఖము చీకటిలోకి పోతుంది. అది చూసి ఎదురుగా ఫ్లాష్ గట్టిగా కొడతారు. అప్పుడు నుదురు, ముక్కుకొన నూనె రాసినట్లు మెరుస్తాయి, చీర సున్నం కొట్టిన గోడలా అయి జరీ ఒక్క పోగు కనబడదు. ఆ తర్వాత ఆల్బమ్ తయారుచేసే చోట కంప్యూటరులో ముఖానికి తెలుపు పూస్తారు. మెడ ఒక రంగు, చేతులు ఒక రంగు, ముఖము వేరొక రంగు. ఇట్టి ఆల్బములు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి.

తప్పు చర్మానిది కాదని మాకు ధైర్యమిచ్చిన చరిత్ర ఒకటి ఉన్నది. రంగు ఫిల్ము రోజులలో కొడాక్ కంపెనీ ప్రింట్ల రంగు సరిచూసుకోవటానికి లేబొరేటరీలకు ఒక కార్డు పంపేది. దానిమీద ఉండేది తెల్లజాతి స్త్రీ బొమ్మ. మొదట్లో బొమ్మ దిగిన అమ్మాయి పేరునుబట్టి దానికి షర్లీ కార్డు అని పేరు వచ్చింది. ఆ తెలుపు సరిగా వస్తే అన్నీ సరిగా వచ్చినట్లే లెక్క. 1960, 70లలో ఆ కంపెనీ గోధుమరంగు ఛాయలను మెరుగుపరచటానికి చాక్లెట్లు, చెక్క సామాను తయారుచేసేవారి ఫిర్యాదులు కూడా ఒక కారణమట! వేరువేరు రంగుల స్త్రీలను ఒకే కార్డుమీద చూపటం 1990లలో గాని జరగలేదు.

రెండేళ్ళ క్రిందట నర్సు ట్రైనింగు ముగించిన ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని మా స్టూడియోకు వచ్చింది. అంతకుముందు వేరొకచోట తీసి తెల్లగా దిద్దిన ఫొటో సంబంధాలకు పంపారట. ఆ ఫొటో చూసి ఒకరు పెళ్ళిచూపులకు వచ్చారు, కాఫీ తాగారు, పిల్లను చూశారు, పోయాక కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. తల్లి ఇంకా మెరుగ్గా దిద్దమని అడుగుతున్నది. అమ్మాయి మెల్లగా అన్నది, “అక్కా, ఈసారి నన్ను నాలాగే తియ్యండి. ఇంటికి వచ్చి చూసి లేచిపోయేవాళ్ళు ఫొటో చూసి రాకుండా ఉంటేనే నయం.”

ఆమెను ఉత్తరపు కిటికీ పక్కన కూర్చోబెట్టాము. వెలుగు ఎదురుగా కాక ఒక పక్కగా, కొంచెం పైనుండి ముఖము మీద పడేటట్లు చూశాము. అలా పడితే అవతలి చెంపమీద కంటి క్రింద చిన్న మూడుకోణాల వెలుగు నిలుస్తుంది. రెంబ్రాంట్ (1606–1669) అనే డచ్చి చిత్రకారుని పేరనే దీనిని పిలుస్తారు. తప్పిపోయిన కుమారుని తండ్రి కౌగిలించుకొనే పటము వేసినది ఆయనే. కుమారుని భుజాలమీద పెట్టిన ఆ తండ్రి చేతులమీద వెలుగు ఎలా పెట్టాడో చూస్తే మాకు పాఠమంతా అందులోనే ఉన్నట్లుంటుంది. ఆ అమ్మాయి ఫొటో చూసి తల్లి చాలాసేపు ఏమీ అనలేదు. “మా అత్తగారి పోలిక” అన్నది చివరకు. తర్వాత వచ్చిన మొదటి సంబంధం కుదరలేదు, రెండోది కుదిరింది. అది ఫొటో వల్ల అని మేము చెప్పము.

ఈ పనిని మేము నేర్చుకున్నది నల్లకుండ దగ్గర. మూఢం వస్తే హిందూ పెళ్ళిళ్ళు ఉండవు, శ్రమల దినాలలో మన పెళ్ళిళ్ళు తక్కువ. ఆ ఖాళీలో వసారాలో నల్లకుండ పెట్టి, దానికి తెల్లచీర చుట్టి వెలుగు మార్చి మార్చి తీసేవారము. నున్నని నల్లటి వస్తువు దానిమీద ఎంత వెలుగు గుమ్మరించామన్నదానివల్ల కాక, దానిలో ఏది ప్రతిఫలిస్తుందన్నదానివల్ల అందగిస్తుందని అప్పుడు బాగా తెలిసింది. చిన్న ఫ్లాష్ ఎదురుగా కొడితే కుండమీద ఒక తెల్లచుక్క. అదే ఫ్లాష్‌ను పక్కనున్న సున్నపు గోడకు తిప్పి కొడితే పైనుండి క్రిందికి మెత్తని వెలుగు, కుండ గుండ్రన అంతా తెలుస్తుంది. గోడ లేనిచోట థర్మోకోల్ షీటు చాలు. మాలో ఒకరు కెమెరా పట్టుకుంటే రెండోవారు షీటు పట్టుకుంటాము. షీటు పట్టుకొనేవారిదే ఎక్కువ పని అని మా ఇంట్లో ఒక వాదన ఉన్నది! దీపము మూడడుగుల నుండి ఆరడుగులకు జరిపితే వెలుగు సగము కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఒక్క అడుగు అటూ ఇటూ అయినా కెమెరా ముఖానికి మళ్ళీ సరిచేసుకుంటాము.

పరమగీతము మొదటి అధ్యాయములోని అమ్మాయి ద్రాక్షతోటలు కాచి ఎండకు కమిలినది. తన రంగును ఆమె దాచుకోలేదు, అందాన్ని తక్కువ చేసుకోనూ లేదు. నాట్లు వేసి, మిరపకాయలు కోసి చదువుకున్న మన పిల్లలను తీసేటప్పుడు ఆ అధ్యాయము గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు ఫోనులు కూడా అడగకుండానే ముఖము నున్నగా చేస్తున్నవి గనుక మా మాట అందరూ వింటారని కాదు. మొన్నటి వేసవిలో ఒక తల్లి రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టుకొని చూసి, దిద్దినదే తీసుకొని వెళ్ళింది.

పాస్టరుగార్లకు, సంఘపెద్దలకు ఒక మనవి. ఈ మధ్య డెకరేషన్‌వారు గుడి కిటికీలన్నిటినీ మెరుపు గుడ్డలతో మూసివేసి, బల్ల దగ్గర గులాబీ, నీలి దీపాలు పెడుతున్నారు. ఆ రంగులు ముఖములమీద పడితే ఏ కెమెరాతోనూ సరిచేయలేము. ప్రమాణాలప్పుడు ఫ్లాష్ వద్దని మీరనటం న్యాయమే. పెళ్ళి ఉదయమైతే తూర్పువైపు కిటికీలు రెండు తెరచి ఉంచండి, ఆ దీపాలు కాసేపు ఆర్పించండి. మేము ముందురోజు సాయంకాలమే వచ్చి ఎక్కడ నిలబడాలో చూసుకుంటాము. ప్రార్థన సమయములో కెమెరా చప్పుడు చేయము.