బాంకాక్‌లో ఒక పగలు

బాంకాక్ అనగానే మన సినిమా జనానికి గుర్తొచ్చేవి రెండు: డ్యూయెట్లు, షాపింగు. మూడోది కూడా ఒకటుంది గానీ అది రాస్తే ఎడిటర్ గారు ఒప్పుకోరు. పైగా నేను వెళ్ళింది డెబ్బయ్యెనిమిదేళ్ళ మా అమ్మని వెంటబెట్టుకుని. కనక ఆ మూడోదాని మీద ఆశ పెట్టుకున్నవారు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు!

మెల్‌బోర్న్‌లో చెల్లెలి ఇంటినుంచి తిరిగొస్తున్నాం. విమానం మారడానికి మధ్యలో ఒక రాత్రీ, ఒక పగలూ మిగిలాయి. "గదిలో కూకుంటే ఏటొస్తాదిరా, ఊరు చూపించు" అంది అమ్మ. మాది శ్రీకాకుళం జిల్లా. విమానాలు ఎన్ని ఎక్కినా ఆవిడ యాస దిగలేదు. సరే, హోటలు వాళ్ళ ద్వారా ఒక గైడుని మాట్లాడాను. ఉదయం ఎనిమిదిన్నరకి రాజభవనం గేటు దగ్గర కలుసుకోవాలని ఒప్పందం.

గైడు కంటే ముందు అక్కడ ఇంకో పెద్దమనిషి తగిలాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో కార్డు, చక్కని ఇంగ్లీషు. "ఇవాళ పూజ ఉంది, ఒంటిగంట దాకా లోపలికి పంపరు. ఈలోగా తక్కువ కిరాయికి టుక్‌టుక్‌లో తిప్పుతాను, రత్నాల ఫ్యాక్టరీ కూడా చూడవచ్చు" అన్నాడు. నేను సగం ఎక్కేశాను కూడా. అమ్మ మాత్రం కదల్లేదు. "మూసేస్తే మరి ఆళ్ళందరూ ఎక్కడికెళ్తన్నార్రా?" అని గేటు కేసి చెయ్యి చూపించింది. వందలమంది బారులు తీరి లోపలికి పోతున్నారు. ఈ నాటకం అక్కడ ఎన్నో ఏళ్ళుగా హౌస్‌ఫుల్‌గా ఆడుతోందట. మీరు వెళితే గుర్తుంచుకోండి.

గైడు అమ్మాయికి ముప్ఫయ్యేళ్ళుంటాయి. రాగానే చేతులు జోడించి అమ్మని "ఖున్ మే" అంది. 'మే' అంటే అమ్మేనట. ఆ ఒక్క మాటతో మా అమ్మ ఆ పిల్ల పార్టీలో చేరిపోయింది.

ఊరి అసలు పేరు బాంకాక్ కాదు. ఆ ఊరివాళ్ళు 'క్రుంగ్ థేప్' అంటారు. పూర్తి పేరు చెప్పమంటే గైడు ఒక్క గుక్కలో పాడేసింది. అందులో నాకు వినిపించినవి – దేవ, మహానగర, అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, నవరత్న, రాజధాని... చివర్లో విశ్వకర్మ! వాళ్ళు పలికే తీరు వేరు గానీ సంస్కృతమే. 1782లో మొదటి రామ రాజు ఈ రాజధాని కట్టించాడు. అక్కడి రాజులందరికీ రాముడనే బిరుదు. ఇప్పుడు ఉన్నాయన పదో రాముడు.

రాజభవనం ఆవరణలోనే మరకత బుద్ధుడి గుడి. పేరుకి మరకతం గానీ అది పచ్చ కాదు, పచ్చరాయి జాతిది. విగ్రహం రెండడుగుల పైచిలుకే. ఎండాకాలం, వానాకాలం, చలికాలం – మూడు రుతువులకీ మూడు బంగారు దుస్తులు. వాటిని రాజుగారే స్వయంగా మారుస్తారు. లోపల ఫోటోలు తీయనివ్వరు. అమ్మ అరగంట కళ్ళు మూసుకుని కూచుంది. నేను మాత్రం బయట గోడల దగ్గరే ఉండిపోయాను. చూడవలసిందంతా అక్కడుంది మరి.

గుడి చుట్టూ నడవా. నడవా గోడల నిండా రామాయణం, వాళ్ళ భాషలో 'రామకియన్'. మొత్తం 178 చిత్రాలు. ఒకటో నంబరు దగ్గర నిలబడి కుడివైపుగా నడుచుకుంటూ పోతే, రీలు తిప్పినట్టు కథ నడుస్తుంది. బంగారు రేకుల అంతఃపురాలు, ఏనుగులు, రథాలు, పారిపోతున్న కోతులు, ఓ మూల చెట్టుకింద కబుర్లు చెప్పుకుంటున్న సైనికులు – ఎక్‌స్ట్రాల దగ్గర్నుంచి అందరికీ తలా ఒక పాత్ర ఉంది. గుమ్మాల దగ్గర కాపలాకి నిలువెత్తు రాక్షసులు. వారిలో పచ్చటి మొహంవాడు 'తోసకన్'. అంటే దశకంఠుడు, మన రావణుడే. ఎస్.వి. రంగారావునీ, ఎన్.టి. రామారావునీ ఆ వేషంలో చూసిన కళ్ళకి ఈ పచ్చ రావణుడు మొదట మింగుడుపడలేదు. నిలబడ్డ తీరులో మాత్రం ఆ దర్జా ఏమీ తగ్గలేదు.

ఇక చిక్కంతా హనుమంతుడి దగ్గర వచ్చింది. అక్కడి హనుమంతుడు తెల్లగా ఉంటాడు. అంతేకాదండోయ్, బ్రహ్మచారి కాడు! గైడు చెప్పిన కథ ఇది: వానరసేన వారధి కడుతుంటే రాళ్ళు మాయమైపోతున్నాయి. ఎవరా అని సముద్రంలోకి దూకితే సువన్నమచ్చ – అంటే సువర్ణమత్స్య – అనే చేపకన్య. రావణుడి కూతురు. వారధి చెడగొట్టమని తండ్రే పంపాడు. హనుమంతుడు ఆమెని పట్టుకోబోయి మనసు పారేసుకున్నాడు. వారిద్దరికీ మచ్చాను అని ఓ కొడుకు. ఒళ్ళు కోతి, తోక చేప.

నేను తెలుగు చేసి చెప్పేసరికి అమ్మ మొహం మాడిపోయింది. "అపచారం! ఆంజనేయస్వామికి పెళ్ళామేటి? పద, నేను చూడను" అంది. లవకుశ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేని మనిషి ఆవిడ. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గైడు బిక్కమొహం వేసింది.

నాలుగు చిత్రాలు దాటాక అమ్మే ఆగిపోయింది. అక్కడ ఓ బ్రహ్మాండమైన కోతి నోరు తెరుచుకుని ఉంది. ఆ నోట్లో రాముడు పడుకున్న మండపం! మైరావణుడు ఎత్తుకుపోకుండా హనుమంతుడు అలా కాపలా కాశాడట. "మైరావణుడా?" అంది అమ్మ. "మా అమ్మ ఒళ్ళో కూకుని తోలుబొమ్మలాటలో సూశాను. రాముణ్ణి పాతాళానికి ఎత్తుకుపోతాడు. అక్కడ కాపలా కాసేది మత్స్యవల్లభుడు, ఆంజనేయుడి కొడుకే..." అని గబుక్కున ఆగి గైడు వంక చూసింది. మన కథలో సముద్రం దాటేటప్పుడు రాలిన చెమట చుక్కని చేప మింగితే పుట్టాడు ఆ కొడుకు. నేను ఇంగ్లీషులో చెబితే గైడు పకపకా నవ్వింది. "మీ ఊళ్ళో చెమట, మా ఊళ్ళో ప్రేమ" అంది. అమ్మ కూడా నవ్వేసింది. వాల్మీకి రాయని కథ సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఒకేలాగ ఉందంటే, దాన్ని మోసుకెళ్ళిన వాళ్ళెవరో!

(అన్నట్టు ఈ హనుమంతుడు 1974లో జపాన్ అల్ట్రామేన్‌లతో కలిసి ఒక థాయ్ సినిమాలో రాక్షసులతో ఫైటింగ్ కూడా చేశాడు. మన నిర్మాతలకి ఇంకా తట్టలేదు!)

వాట్ పో గురించి ఎక్కువ చెప్పను. 46 మీటర్ల పొడుగు శయన బుద్ధుడు, ముత్యపుచిప్పలు తాపడం చేసిన పాదాలు, 108 కంచు గిన్నెలు. అమ్మ ఒక్కో గిన్నెలో ఒక్కో బిళ్ళ వేసుకుంటూ చివరిదాకా నడిచింది. ఆ గుడిలోనే మర్దనా నేర్పే బడి ఉంది. మోకాళ్ళు పట్టించుకుని బయటికొచ్చాక, నీడలో కూచుని కొబ్బరినీళ్ళు తాగుతున్నాం. గైడు మాటల్లో మాటగా, "1939 దాకా మా దేశం పేరు సయాం" అంది.

అమ్మ చేతిలోని బోండాం కింద పెట్టేసింది. "సయామంటే ఇదేనేట్రా?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అమ్మకి ఒక మేనమామ ఉండేవాడు. కరువుకి తాళలేక మలయా రబ్బరు తోటలకి పోయాడు. యుద్ధం వచ్చి జపాన్ వాళ్ళు మలయాని ఆక్రమించాక ఉత్తరాలు లేవు. యుద్ధమయ్యాక తిరిగొచ్చిన పక్క ఊరివాడొకడు, "సయాం రైలు పనికి పట్టుకుపోయార"ని మాత్రం చెప్పాడు. అమ్మమ్మ పోయేదాకా ప్రతి సంక్రాంతికీ తమ్ముడి పేర ఒక విస్తరి వేసేది. చనిపోయాడని పెట్టేదో, వస్తాడని పెట్టేదో ఎవరూ అడగలేదు.

సయాం నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల లైను, 1942–43లో అడవుల్లో వేయించారు. పన్నెండు వేలకు పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. మలయా తోటల అరవ, తెలుగు కూలీలు, బర్మీయులు, జావా వాళ్ళు – ఇలాంటివారు దాదాపు 90 వేల మంది పోయారని అంచనా. ఖైదీలకి కాంచనబురిలో పేర్లు చెక్కిన సమాధులున్నాయి. కూలీలకి పేరేదీ, రాయేదీ? 'బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై' 1957లో వచ్చింది, ఏడు ఆస్కార్లు కొట్టింది. నేను రెండుసార్లు చూశాను. తీసింది సిలోన్‌లో, కథంతా తెల్లదొరలది. రెండుసార్లలో ఒక్కసారి కూడా మా అమ్మ మేనమామ నాకు గుర్తు రాలేదు. అది సినిమా తప్పు కాదు.

"ఆ రైలు ఉందా?" అని అడిగించింది అమ్మ. ఉందట. బర్మా దాకా పోదు, నామ్ తోక్ అనే ఊరిదాకా. నది అవతల తోన్‌బురి స్టేషన్ నుంచి మధ్యాహ్నం రెండు లోపు ఒక బండి. కాంచనబురి వెళ్ళి రావాలంటే రోజంతా పడుతుంది. రాత్రికి మాకు విమానం. నా జేబులో మా ఆవిడ రాసిచ్చిన షాపింగు జాబితా చాంతాడంత ఉంది. "ఇంకోసారి వద్దామే అమ్మా" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. "నాకు ఇంకోసారి ఎక్కడిదిరా?"

పడవలో నది దాటాం. రేవు పక్కనే వాట్ అరుణ్ – అరుణుడి పేర వెలిసిన గోపురం, నిలువెల్లా పింగాణీ పెంకులు, పువ్వులు. ఊళ్ళోకెల్లా అందమైన కట్టడమంటారు. మేం దాన్ని పడవలోంచి చూసిందే. టుక్‌టుక్ ఎక్కి తిన్నగా స్టేషన్‌కి పోయాం.

చిన్న స్టేషన్. మన పాసింజరు బండిలాంటిదే ఒక బండి, అద్దాలు దించిన కిటికీలు, చెక్క బల్లలు, బుట్టలతో ఆడవాళ్ళు, మెడలో కెమెరాలతో తెల్లవాళ్ళు. గుడి కోసం కొన్న మల్లెదండ ఇంకా అమ్మ చేతిలోనే ఉంది. బండి పక్కనే నడిచి, కిటికీలో కూచున్న ఒక ముసలావిడ దగ్గర ఆగింది. తెలుగులోనే చెప్పేసింది. "అమ్మా, వంతెన వచ్చినప్పుడు ఇది నీళ్ళలో ఎయ్యి. మా మావయ్యకి." గైడు గబగబా థాయ్‌లో ఏదో చెప్పింది. ముసలావిడ దండని రెండు చేతులా తీసుకుని నుదుటికి ఆనించుకుంది. డబ్బులివ్వబోతే నా చెయ్యి తోసేసింది. బండి కదిలింది.

మా ఆవిడ జాబితాలో రెండు తైలం సీసాలు మాత్రం కొనగలిగాను. గైడు మిగతా రుసుం తీసుకుంది గానీ టుక్‌టుక్ కిరాయి మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.

రాత్రి విమానాశ్రయం. దాని పేరు సువర్ణభూమి. లోపల క్షీరసాగర మథనం బొమ్మలు, వాసుకిని లాగుతున్న దేవతలూ, రాక్షసులూ. వాటికి ఎదురుగా కుర్చీలో కూచుని అమ్మ చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది.

"ఆ బండి ఈపాటికి వంతెన దాటుంటాదేట్రా?"

"ఎప్పుడో సాయంత్రమే దాటేసుంటుందమ్మా."

"అయితే సరే" అని, సంచీలోంచి మిగిలిన సకినాల పొట్లం తీసి నాకు రెండు పెట్టింది.