కొన్నాళ్లకని వచ్చినవాళ్ల ఊరు

శనివారం రాత్రి ఖరగ్‌పూర్ ఐఐటీ హాస్టల్ గదిలో ఫోన్ మోగుతూనే ఉంది. జర్మనీలో సెమిస్టర్ చదువుతున్న ఇద్దరు క్లాస్‌మేట్లు ప్రాగ్ నుంచి ఫొటోలు పంపుతున్నారు. శుక్రవారం సాయంత్రం రైలెక్కితే ఆదివారం రాత్రికల్లా రెండు పాత నగరాలు చుట్టి రావచ్చట. రాళ్లు పరిచిన వీధులు, వంతెనలు, గడియారపు గోపురాలు. విశాఖపట్నం కుర్రాడు అన్నిటికీ ఒక్కో లైక్ కొట్టి ఊరుకున్నాడు.

అతని బెంగ వేరు. పారిస్‌లో పిహెచ్‌డీ సీటు వచ్చింది. సోమవారం లోగా ఔనో కాదో చెప్పాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. అమ్మకి రాయబోయిన మెసేజ్ ‘మూడేళ్లలో వచ్చేస్తానమ్మా’ అన్న మాట దగ్గర ఆగిపోయింది.

ఆదివారం తెల్లవారుజామునే లేచి హౌరా లోకల్ ఎక్కాడు. చూడాలనుకున్నది ఏ ప్రాగో కాదు, మెటియాబ్రుజ్. తాతగారి నోట విన్న ఊరు. ఆయన గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే హెడ్డాఫీసులో గుమస్తా. 1955లో రైల్వే పేరు మారినా ఇంట్లో అందరికీ అది బి.ఎన్.ఆర్.గానే మిగిలింది. 2003లో తూర్పు కోస్తా రైల్వేకి మారేదాకా వాల్తేరు డివిజన్‌కి పెద్ద దిక్కు ఆ ఆఫీసే. రెండేళ్లు చేసి వాల్తేరుకి బదిలీ చేయించుకుంటానని వెళ్లిన తాతగారు రిటైరయ్యాకే తిరిగొచ్చారు. పక్కనే నవాబు ఊరు ఉందని, ఎప్పుడైనా చూడమని మనవడికి చెబుతుండేవారు.

హౌరాలో బస్సెక్కి ఖిదిర్‌పూర్ రేవుల మీదుగా వెళ్తే హుగ్లీ ఒడ్డున వస్తుంది మెటియాబ్రుజ్. అసలు పేరు మటియా బుర్జ్, అంటే మట్టి బురుజు. తెలుగువాడికి తర్జుమా అక్కర్లేదు.

ఈ ఊరికి పేరు తెచ్చిన మనిషి ఇక్కడ ఉందామని వచ్చినవాడు కాదు. 1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్‌ను కలిపేసుకుంది. 33 ఏళ్ల నవాబు వాజిద్ అలీ షా లక్నో వదిలి మే నెలలో కలకత్తా చేరాడు. ఇక్కణ్నుంచి ఓడెక్కి లండన్ వెళ్లి విక్టోరియా రాణికి మొర పెట్టుకుని, రాజ్యం తిరిగి తెచ్చుకోవాలన్నది ఆలోచన. ఒంట్లో బాగోక ఆగిపోయాడు. కొడుకు ఆగిపోతే తల్లి బయల్దేరింది. పరదా దాటని రాజమాత మలికా కిష్వర్ చిన్న కొడుకును వెంటబెట్టుకుని సముద్రం దాటింది. 1857లో రాణి దర్శనం దొరికింది కానీ, అప్పటికే ఇక్కడ తిరుగుబాటు మొదలైంది. ఇక మొర ఆలకించేదెవరు? నవాబును ఫోర్ట్ విలియంలో పెట్టారు. రెండేళ్లకు పైగా అక్కడే ఉంచారు. తిరుగు ప్రయాణంలో తల్లి 1858 జనవరిలో పారిస్‌లో కన్నుమూసింది. ఆమె సమాధి ఆ నగరంలోని పేర్ లషేజ్ శ్మశానంలో ఉంది.

విడుదలైన నవాబు లక్నోకి పోలేకపోయాడు. ఏటా 12 లక్షల రూపాయల పింఛనుతో లక్నోనే ఇక్కడికి తెచ్చుకున్నాడు. భవనాలు, ఇమాంబాడా, జంతు ప్రదర్శనశాల, పావురాలు, పతంగులు, కథక్, ఠుమ్రీ. కొన్నాళ్లకని వచ్చినవాడు 31 ఏళ్లు ఉండి, 1887 సెప్టెంబర్‌లో ఇక్కడే పోయాడు. ఆ తర్వాత ఎస్టేటును విడగొట్టి అమ్మేశారు.

ఇప్పుడు ప్రాగ్‌లా ఫొటో తీసుకునే వీధి ఇక్కడ ఒక్కటీ లేదు. 1864లో కట్టిన సిబ్తైనాబాద్ ఇమాంబాడా లారీలూ ఆటోలూ మోగే రోడ్డు పక్కనే ఉంది. చెప్పులు విడిచి లోపలికెళ్తే షాండ్లియర్ల కింద నవాబు సమాధి. అవధ్ రాజచిహ్నంలోని మత్స్యకన్యలు ఇంకా ఉన్నాయి. కుర్రాడు ఫోన్లో పారిస్ మ్యాప్ తెరిచి పేర్ లషేజ్ ఎక్కడుందో వెతికాడు. కొడుకు ఇక్కడ, తల్లి అక్కడ. ఇద్దరూ తిరిగి వెళ్లిపోదామనుకున్నవాళ్లే.

బయటికొస్తే వేరే లోకం. మెటియాబ్రుజ్ నేడు దర్జీల ఊరు. గల్లీగల్లీలో కుట్టుమిషన్ల చప్పుడు. శని, ఆదివారాల్లో జరిగే హాట్‌లో పిల్లల గౌన్లు, చొక్కాలు మూటలు మూటలుగా అమ్ముడవుతాయి. దేశం నలుమూలల నుంచీ వ్యాపారులు వస్తారు. విశాఖపట్నం అనగానే ఒక దుకాణదారు లేచి స్టూలు వేశాడు. కుర్రాణ్ని బేరగాడనుకున్నాడు.

మధ్యాహ్నం బిర్యానీ. ప్లేటులో మాంసం ముక్క పక్కన గుడ్డంత బంగాళాదుంప. హైదరాబాద్ బిర్యానీకి అలవాటుపడ్డ నాలుక ఒక్క క్షణం తటపటాయించింది. నవాబుకి డబ్బు చాలక మాంసం తగ్గించి దుంప వేశారని ఊరంతా చెబుతుంది. వంశీకులు ఒప్పుకోరు. అప్పట్లో దుంప కొత్త రుచి, ముచ్చటపడి వేయించారంటారు. ఏదైనా, లక్నో బిర్యానీ కలకత్తాలో దుంపతో స్థిరపడింది. వచ్చినప్పటిలా ఉండటం వంటకానికీ కుదరలేదు.

సాయంత్రం గార్డెన్ రీచ్‌లో రైల్వే హెడ్డాఫీసు ముందు కాసేపు నిలబడ్డాడు. తాతగారు కూర్చున్న గది ఏదో తెలీదు. ఆగ్నేయ రైల్వే జనరల్ మేనేజర్ ఉండే బంగళా కూడా ఒకప్పుడు నవాబు భవనమేనని చెబుతారు. రాజ్యం కోసం దరఖాస్తు పెట్టుకున్నవాడి ఇంటి పక్కనే, బదిలీ కోసం దరఖాస్తులు పెట్టిన తాతగారు.

ఖరగ్‌పూర్ లోకల్ కోలాఘాట్ వంతెన దాటుతుండగా మెసేజ్ తెరిచాడు. ‘మూడేళ్లలో వచ్చేస్తానమ్మా’ అన్నది కొట్టేశాడు. ‘పారిస్‌లో సీటొచ్చింది. వెళ్లాలనుంది. ఎప్పుడు తిరిగొస్తానో నిజంగా తెలీదు’ అని రాసి పంపాడు.

నిమిషంలో ఫోన్ మోగింది.

“మీ తాతగారి రెండేళ్లు అత్తయ్య ఎన్నాళ్లు లెక్కపెట్టారో నాకు తెలుసురా,” అంది అమ్మ. “నువ్వు నాకు లెక్క చెప్పకు. ఏటా పండక్కి రా, చాలు.”

ఆ రాత్రి హాస్టల్‌కి చేరగానే పారిస్‌కి ఔనని జవాబు రాశాడు. తర్వాత ప్రాగ్ మిత్రులకి తానూ ఒక ఫొటో పంపాడు. బిర్యానీలో బంగాళాదుంప.